నగర వనంలో పులికంప, వయ్యారిభామ తొలగించే పద్ధతి: వాలంటీర్లకు సమగ్ర మార్గదర్శి

ఊరి పక్కన ఉన్న అర్బన్ ఫారెస్ట్ పార్కులోనో నగర వనంలోనో పులికంప (లంటానా, మన మొక్కలను అణగదొక్కే పరాయి ముళ్లపొద) తీసేద్దామని పదిమంది కూడతారు. రెండు ఆదివారాలు చెమటోడ్చి కొడతారు. వానలు పడగానే కొట్టిన మోడు చుట్టూ పిలకలు లేచి, పొద మునుపటికంటే గుబురుగా తయారవుతుంది. ఆ తర్వాత ఎవరూ రారు. "సరిగ్గా ఎలా చేయాలో చెప్పండి" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది ఈ దెబ్బ తిన్నవాళ్లే.

కింద చెప్పేది హైదరాబాద్, విశాఖ లాంటి ఊళ్ల చుట్టూ ఉండే రాళ్లు, ఎర్రనేల, పొదలు కలిసిన అడవికి సరిపోతుంది. చెరువులో గుర్రపు డెక్క తీయడం వేరే పని, దాని జోలికి ఇక్కడ పోవడం లేదు.

1. ముందు అనుమతి, తర్వాతే గడ్డపార

మొక్క పనికిరానిదే కావచ్చు, భూమి మాత్రం మనది కాదు. హైదరాబాద్‌లోని కేబీఆర్ పార్కు, మృగవని జాతీయ ఉద్యానాలు. విశాఖ పక్కన కంబాలకొండ అభయారణ్యం. ఇలాంటి చోట్ల 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. అర్బన్ ఫారెస్ట్ పార్కులు చాలావరకు రిజర్వు ఫారెస్టు భూమిలోనే ఉన్నాయి. చెప్పాపెట్టకుండా కత్తులతో లోపలికి పోతే సిబ్బంది ఆపుతారు, ఆపాలి కూడా. మున్సిపాలిటీ పార్కు అయితే కమిషనర్ కార్యాలయంలో అడగాలి. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ అర్బన్ బయోడైవర్సిటీ విభాగం ఈ పని చూస్తుంది.

నేరుగా డీఎఫ్‌వోకి (అటవీశాఖ పై అధికారికి) ఉత్తరం పంపి జవాబు కోసం కూర్చోకండి. ముందు ఆ పార్కు బీట్ ఆఫీసర్‌ని (ఆ భాగం అడవిని రోజూ చూసుకునే ఉద్యోగిని) కలిసి, ఆయనతో ఒకసారి స్థలమంతా నడవండి. ఏ గుట్ట వెనక తేనెపట్టు ఉందో, ఏ వైపు నెమళ్లు గుడ్లు పెడతాయో, కిందటేడు ఎక్కడ మంటలు లేచాయో ఆయనకు తెలుస్తుంది. ఆయన సరేనన్నాక ఆయన పైనుండే రేంజ్ ఆఫీసర్ ద్వారా ఉత్తరం పెడితే పని తొందరగా కదులుతుంది.

ఉత్తరంలో ఉండాల్సినవి:

☐ ఏ భాగంలో, ఎంత మేర (చేత్తో గీసిన పటం చాలు)
☐ ఏయే మొక్కలు తీస్తారు, వేటిని ముట్టుకోరు
☐ ఎంతమంది వస్తారు, ఎవరు బాధ్యత తీసుకుంటారు
☐ ఏ పనిముట్లు తెస్తారు (మందులు కొట్టం, నిప్పు పెట్టం అని స్పష్టంగా రాయండి)
☐ తీసిన కంప ఎక్కడ పెడతారు
☐ పని జరిగేటప్పుడు సిబ్బందిలో ఒకరు ఉండాలన్న విన్నపం
☐ మళ్లీ ఏ నెలల్లో వచ్చి చూస్తారు

ఈ చివరిది రాసేవాళ్లు తక్కువ. అది చూస్తేనే అధికారికి మీ మీద నమ్మకం కుదురుతుంది. నకలు మీద ఇన్‌వార్డ్ నంబరు (ఉత్తరం అందినట్టు ఆఫీసు వేసే నంబరు) వేయించుకోవడం మరిచిపోవద్దు.

2. ఏది తీయాలి, ఏది ముట్టుకోకూడదు

మన పొద అడవుల్లో వాలంటీర్ల చేతికి అందే మొక్కలు ఇవి:

• పులికంప. కాండం నాలుగు పలకలుగా ఉంటుంది, వంపు తిరిగిన చిన్న ముళ్లు ఉంటాయి. ఆకులు జంటలుగా వస్తాయి, పైన గరుకు. నలిపితే ఘాటు వాసన. ఒకే గుత్తిలో పసుపు, గులాబీ లేదా నారింజ పూలు. కాయ పచ్చగా ఉండి, పండితే నలుపు.

• వయ్యారిభామ. కాంగ్రెస్ గడ్డి అన్నా ఇదే. మొదట్లో నేలకు అతుక్కుని క్యారెట్ ఆకుల్లా పరుచుకుంటుంది, తర్వాత కాండం లేచి తెల్లటి చిన్న పూలు పూస్తుంది.

• హిప్టిస్. కొన్నిచోట్ల సీమ తులసి అంటారు. ఘాటైన వాసన, ఊదారంగు చిన్న పూలు.

• సుబాబుల్ మొలకలు. పెద్ద చెట్టుకు బంతుల్లా గుండ్రటి తెల్లపూలు, గుత్తులుగా చదునైన గోధుమరంగు కాయలు.

• సర్కారు తుమ్మ మొలకలు.

పొరపాటు ఎక్కువగా జరిగేది సర్కారు తుమ్మ దగ్గర. చిన్నప్పుడు జమ్మి మొక్క కూడా దూరం నుంచి అలాగే కనిపిస్తుంది. తెలంగాణ రాష్ట్ర వృక్షాన్ని పీకి పారేసి సెల్ఫీ దిగితే బాగుండదు కదా. ముల్లు చూడండి. సర్కారు తుమ్మకు ఆకు పుట్టే కణుపు దగ్గరే పొడవాటి ముళ్లు, తరచూ జంటగా ఉంటాయి. జమ్మికి కణుపుల మధ్య కాండం మీద అక్కడక్కడా, అడుగు వెడల్పుగా ఉండే పొట్టి ముళ్లు ఉంటాయి. హిప్టిస్ మొలకను తుమ్మికూరతో పొరబడేవాళ్లూ ఉన్నారు. నలిపి వాసన చూస్తే తేడా తెలిసిపోతుంది.

వాక, బలుసు, పరికి, తంగేడు పొదలు ముళ్లతోనో చిక్కుగానో ఉన్నాయని కొట్టేయకండి. అవి ఈ నేలవే. సీతాఫలం పుట్టుక అమెరికాదే అయినా దాన్నీ వదిలేయండి, అది పులికంపలా చుట్టూ ఉన్నవాటిని అణగదొక్కదు. ఏ మొక్క విషయంలోనైనా అనుమానం వస్తే ఆ రోజుకు వదిలేయడమే పద్ధతి.

3. చోటు ఎంచుకోవడం

అందరికీ పార్కు గేటు పక్కనున్న పెద్ద పొద మీదే కన్ను పడుతుంది. నా సలహా తలకిందులుగా ఉంటుంది. పులికంప తక్కువగా, మన మొక్కలు ఎక్కువగా ఉన్న చోట మొదలుపెట్టండి. అక్కడ నాలుగు పొదలు తీస్తే పక్కన ఉన్న గడ్డి, వాక, మోదుగ తమంతట తామే ఖాళీని ఆక్రమిస్తాయి. దట్టమైన పొదల మధ్యలో తీస్తే ఆ ఖాళీలోకి మళ్లీ పులికంపో వయ్యారిభామో వస్తుంది.

పది పన్నెండు మంది బృందానికి ఒక ఉదయం 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు చోటు చాలు. చిన్నదే అనిపిస్తుంది. ఏడాది పొడవునా తిరిగి చూసుకోగలిగినంతే తెరవాలని గుర్తుంచుకోండి.

వాలు ఎక్కువగా ఉంటే మొత్తం తీయొద్దు. వాలుకు అడ్డంగా ఒక పట్టీ తీసి, ఒక పట్టీ ఉంచండి. లేకపోతే మొదటి గట్టి వానకే మట్టి కొట్టుకుపోతుంది.

4. ఎప్పుడు చేయాలి

రోహిణీ కార్తెలో ఎర్రనేలను తవ్వితే గడ్డపార ఎగిరి పడుతుంది తప్ప వేరు రాదు. మృగశిర దాటి రెండు మూడు మంచి వానలు పడ్డాక నేల మెత్తబడుతుంది. అక్కడినుంచి సెప్టెంబరు దాకా పులికంప వేరు తీయడానికి అనువైన కాలం. డిసెంబరుకల్లా నేల మళ్లీ గట్టిపడి, లాగితే కాండం పైనే తెగుతుంది.

వయ్యారిభామకు గడువు ఇంకా తక్కువ. వాన పడి మొలిచిన నాలుగైదు వారాల్లోనే పూత మొదలవుతుంది. తెల్లపూలు రాకముందే పీకాలి. ఒక్క మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. పూశాక చేసే పని సగం పనే.

వానాకాలంలో ఒక చిక్కు ఉంది. నెమళ్లు నేలమీద గుడ్లు పెట్టేది అప్పుడే. గూడు కనిపిస్తే ఆ పొదను, చుట్టూ కొంత మేర వదిలేసి తర్వాతి విడతలో రండి.

సమయం ఉదయం 6:30 నుంచి 9:30 దాకా. మూడు గంటలు దాటితే పట్టు సడలుతుంది, దెబ్బలు తగిలేది అప్పుడే.

5. పనిముట్లు, బట్టలు, మందుల పెట్టె

పనిముట్లు (పదిమందికి):

☐ గడ్డపారలు 3 (గునపం అన్నా ఇదే). మొన చదునుగా సాన పట్టించినవి
☐ చిన్న పారలు లేదా తొలికలు 3
☐ పొడవాటి పిడి ఉన్న కొడవళ్లు 2
☐ చేతిరంపాలు 2
☐ మందపాటి గోనె సంచులు 10
☐ ఎర్ర రిబ్బన్ చుట్ట ఒకటి
☐ పొడవాటి కర్ర (పొద తట్టడానికి)

గొడ్డలి తేవద్దు. అది చేతిలో ఉంటే అందరూ పైనుంచి నరకడానికే చూస్తారు.

ఒంటి మీద:

☐ మందపాటి అడుగు ఉన్న బూట్లు. చెప్పులు, పలచటి స్పోర్ట్స్ షూలు అస్సలు వద్దు, సర్కారు తుమ్మ ముల్లు నేరుగా దిగుతుంది
☐ తోలు గ్లౌజులు
☐ పూర్తి చేతుల చొక్కా, మందపాటి ప్యాంటు. ప్యాంటు అంచులు సాక్సులోకి దోపుకోవాలి
☐ టోపీ, కళ్లద్దాలు
☐ వయ్యారిభామ పీకేవాళ్లకు మాస్కు
☐ మనిషికి 2 లీటర్ల నీళ్లు

ఉబ్బసం, చర్మ అలర్జీ ఉన్నవాళ్లను వయ్యారిభామ దగ్గరికి పంపకండి. ఇంతవరకు ఏమీ కానివాళ్లకు కూడా మళ్లీ మళ్లీ తగిలితే దద్దుర్లు మొదలవుతాయి కాబట్టి "నాకేం కాదు" అనే మాట చెల్లదు. పిల్లలు వస్తే వాళ్లకు రిబ్బన్ కట్టడం, మొలకలు లెక్కపెట్టడం లాంటి పని ఇవ్వండి.

ఇంటికి వెళ్లగానే స్నానం చేసి, బట్టలు విడిగా ఉతకాలి. పొదల్లో ఉండే చిన్న పురుగు కుట్టడం వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. మూడు వారాల లోపు జ్వరం వచ్చినా, ఒంటి మీద నల్లటి పొక్కులాంటి మచ్చ కనిపించినా డాక్టరుకు "పొదల్లో పనిచేశాను" అని తప్పకుండా చెప్పండి. ఆ ఒక్క ముక్క చెబితే సరైన మందు త్వరగా పడుతుంది.

6. పొద మీద చేయి వేసే ముందు

ఈ వరస తప్పకండి.

మొదట కర్రతో పొదను నాలుగు వైపులా తట్టి, రెండు నిమిషాలు ఆగండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఏదైనా ఉండొచ్చు. పోవడానికి దానికి దారి వదలాలి, అందుకే పొదను అందరూ చుట్టుముట్టి నిలబడకూడదు.

తర్వాత కిందికి వంగి కొమ్మల మధ్యలోకి చూడండి. జుంటి తేనెటీగలు సన్నకొమ్మకు అరచేయంత పట్టు పెడతాయి, ఆకుల మధ్య ఒక పట్టాన కనబడదు. పట్టు ఉంటే ఆ పొదకు రిబ్బన్ కట్టి వదిలేయండి. పొగ పెట్టే పని వద్దు.

మూడోది, చాలామంది వదిలేసేది: పొద లోపల మన చెట్ల మొలకలు ఉన్నాయేమో వెతకాలి. మేకలు నోరు పెట్టలేని ముళ్ల కింద వేప, మోదుగ, ఉసిరి మొలకలు దాక్కుని పెరుగుతుంటాయి. ప్రతిదానికీ ఎర్ర రిబ్బన్ కట్టండి. ఒక్కొక్క పొద కింద దొరికే రెండు మూడు మొలకలు, మీరు జులైలో నాటే నర్సరీ మొక్కలకంటే గట్టివి.

చివరగా, పాము విరుగుడు మందు ఉన్న దగ్గరి ఆసుపత్రి ఏదో, ఫోను సిగ్నల్ ఎక్కడ అందుతుందో అందరికీ చెప్పండి. పాము కాటేస్తే కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి. తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయకూడదు. ముల్లు లోతుగా దిగితే ముక్క లోపల మిగలకుండా తీయించి, టీటీ ఇంజెక్షన్ సంగతి డాక్టరును అడగండి.

7. పులికంప వేరు కోయడం

అసలు పని ఇదే, తొందరపడకండి.

పొద పైకి ఎంత విస్తరించినా మధ్యలో ఒకటో రెండో మొదళ్లే ఉంటాయి. కాండం నేలలోకి దిగే చోట ముడులు కట్టి, ఉబ్బినట్టు కనిపిస్తుంది. పిలకలన్నీ లేచేది ఆ ముడి నుంచే. ముడి పైన ఎన్నిసార్లు నరికినా పొదకు కటింగ్ చేసినట్టే. ముడి కింద తల్లివేరును తెంపితే ఇక లేవదు. ఢిల్లీ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ సి.ఆర్. బాబు బృందం కార్బెట్ పులుల అభయారణ్యంలో అమలుచేసిన పద్ధతి ఇదే: నేలమట్టానికి 3 నుంచి 5 సెం.మీ. దిగువన తల్లివేరు కోసి, పొదను తలకిందులుగా పెట్టడం. ఖర్చు తక్కువ, మందు అవసరం లేదు.

మొదట, నల్లకాయలున్న కొమ్మలను కోసి నేరుగా సంచిలో వేయండి. కాయలు నేల మీద రాలనివ్వకూడదు.

తర్వాత, ఒక వైపు నుంచి కొడవలితో సన్నకొమ్మలు తీసి, మొదలు దాకా చేరేంత దారి చేయండి. ప్రధాన కాండాలను మోకాలెత్తు దాకా వదలాలి. పట్టుకుని ఊపడానికి అవే పిడి. నున్నగా నేలమట్టానికి కొట్టేస్తే లాగడానికి ఏమీ మిగలదు.

తొలికతో మొదలు చుట్టూ మట్టి, ఆకుచెత్త జానెడు మేర పక్కకు లాగండి. ముడి కనిపించాలి. ఇంకా కనిపించకపోతే ఇంకొంచెం తీయండి.

ఇప్పుడు గడ్డపారను నిట్టనిలువుగా కాకుండా ఏటవాలుగా పెట్టి, ముడికి రెండు వేళ్ల కింద గురిచూసి పొడవాలి. ఒకరు కాండం పట్టుకుని మెల్లగా అటూ ఇటూ వంచుతుంటే ఇంకొకరు పొడవాలి. కాండం పట్టుకున్నవాళ్ల కాళ్లు గడ్డపార దారికి దూరంగా ఉండాలి. వేరు తెగినప్పుడు టక్కుమనే చప్పుడు వస్తుంది, కాండం ఒక్కసారిగా వదులవుతుంది.

లాగాక మొదలును తిప్పి చూడండి. ముడులు పూర్తిగా ఉండి, వాటి కింద అంగుళమంత నున్నటి వేరు కనిపిస్తే పని అయినట్టు. ముడి మధ్యలోనే తెల్లగా చీలి ఉంటే మిగతా సగం ఇంకా నేలలోనే ఉంది, వెంటనే తవ్వండి. వచ్చే వారానికి వదిలేస్తే ఆ గుంత మళ్లీ దొరకదు.

నేలకు తగిలిన పక్కకొమ్మలు కణుపుల దగ్గర వేళ్లు దించి ఉంటాయి. పొద తీశాక చుట్టూ రెండడుగుల మేర వంగి వెతికి, ఆ పిల్లవేళ్లూ తీసేయండి.

ఇక గుంత పూడ్చి, కాలితో అదిమి, పక్కకు లాగిన ఆకుచెత్తను మళ్లీ పైన పరవండి. తెరిచిన మట్టి ఎండ తగిలితే వయ్యారిభామకు విందు.

8. మిగతావాటికి

వయ్యారిభామ, హిప్టిస్: తడినేలలో మొదలు దగ్గర పట్టుకుని వేరుతో సహా లాగాలి. కొడవలితో కోస్తే కింద నుంచి మళ్లీ చిగురించి ఇంకా పొట్టిగా పూస్తుంది.

సుబాబుల్, సర్కారు తుమ్మ: జానెడు లోపు మొలకలను వానలో చేత్తో లాగొచ్చు. పెద్ద చెట్ల జోలికి వాలంటీర్లు పోవద్దు. కొడితే పది కొమ్మలై లేస్తాయి, వేరు తీయాలంటే యంత్రం కావాలి. అది అటవీశాఖ పని. మీరు జాబితా రాసి ఇవ్వండి, చాలు.

ఉప్పునీళ్లు, గడ్డిమందు కొట్టమని సలహాలు వస్తాయి. పొలం గట్టు సంగతి వేరు. అడవి నేలలో రెండూ వద్దు, పక్కనున్నవీ చస్తాయి.

9. తీసిన కంప ఏం చేయాలి

పులికంప పొదలను వేళ్లు పైకి, కొమ్మలు కిందికి ఉండేలా బండరాయి మీదనో, తీసిన ఇతర పొదల మీదనో పెట్టండి. మొదలుకు మట్టి తగలకూడదు. వానాకాలంలో మట్టి తగిలితే మళ్లీ నాటుకుంటుంది.

కాయల సంచులు, పూసిన వయ్యారిభామ సంచులు మూతి కట్టి సిబ్బంది చూపిన చోట అప్పగించాలి. పూతకు రాని వయ్యారిభామ కంపోస్టుకు పనికొస్తుంది.

తగలబెట్టొద్దు. ఎండాకాలంలో అడవికి నిప్పు అంటుకునే ప్రమాదం ఒకటి, కాలిన నేలలో పులికంపే ముందు లేవడం ఇంకొకటి. కర్ణాటకలో మలై మహదేశ్వర కొండల సోలిగ గిరిజనులు పులికంప కర్రలతో కుర్చీలు, బల్లలు అల్లుతారు. అలాంటి ఆలోచన ఉంటే మంచిదే, కానీ కర్ర బయటికి తేవడానికి విడిగా అనుమతి తీసుకోవాలి.

10. ఎక్కువగా జరిగే తప్పులు, దిద్దుబాట్లు

• మోడు నుంచి పిలకలు లేచాయి. ముడి నేలలో మిగిలిందన్నమాట. పిలకలు కోస్తూ కూర్చోకుండా, వాన పడిన మర్నాడు మోడు చుట్టూ తవ్వి ముడితో సహా తీయండి.

• పులికంప పోయిన చోట వయ్యారిభామ నిండింది. ఒకేసారి ఎక్కువ చోటు తెరిచారు. కొత్త చోటు ఆపి, పూతకు ముందే దీన్ని పీకండి. పక్కన పండిన స్థానిక గడ్డి గింజలు సిబ్బందిని అడిగి ఇక్కడ చల్లండి.

• రిబ్బన్ కట్టిన మొలకలు తొక్కుడుకు పోయాయి. వచ్చేసారి ఒకే నడకదారి గీసి, అందరూ దాని మీదే నడవాలి.

• తీసిన రోజే మొక్కలు నాటారు, సగం చచ్చాయి. కొంత ఆగి, ఏం మొలుస్తుందో చూడండి. తప్పనిసరైతే మోదుగ, తంగేడు, వాక, నారేపి లాంటి ఆ నేలవే ఎంచుకోండి. పచ్చగా కనిపిస్తుందని కోనోకార్పస్ (ఇదీ పరాయి చెట్టే) పెట్టారంటే ఒక బెడద తీసి ఇంకోటి తెచ్చినట్టు. విత్తన బంతులు విసరడం ఫొటోలకు బాగుంటుంది, అంతకుమించి దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు.

• మొదటి రోజు అరవైమంది, రెండోసారి నలుగురు. మొదటి రోజే పదిమందికి పరిమితం చేసి, వాళ్ల పేర్లు తిరిగొచ్చే తేదీలకు ఎదురుగా రాయించుకోండి.

11. తిరిగి రావడం

పులికంప గింజలు నేలలో ఏళ్ల తరబడి బతికుంటాయి. పికిలిపిట్టలు, గోరింకలు కొత్తవి తెచ్చి పడేస్తూనే ఉంటాయి. కాబట్టి ఒక చోటు తెరిచారంటే కనీసం మూడు వానాకాలాల బాధ్యత నెత్తిన వేసుకున్నట్టే.

మొదటి ఏడాది వానాకాలంలో నెలకోసారి, తర్వాత సంక్రాంతి ముందు ఒకసారి. రెండో ఏడాది జులై, సెప్టెంబరు, డిసెంబరు. మూడో ఏడాది జులై, అక్టోబరు. వెళ్లినప్పుడు ముందు చెట్ల కింద చూడండి. పక్షులు కొమ్మ మీద కూర్చుని రెట్ట వేసేది అక్కడే కాబట్టి మొలకలు గుంపుగా ఉంటాయి. వేలెడంత ఉన్నప్పుడు రెండు వేళ్లతో వచ్చేస్తాయి, ఏడాది వదిలితే మళ్లీ గడ్డపార కావాలి.

తిరిగొచ్చినప్పుడు రాసుకోవాల్సినవి:

☐ ఒకే రాయి మీద నిలబడి, ఒకే వైపు తీసిన ఫొటో
☐ మీటరు చదరం ఉన్న నాలుగు గళ్లలో పులికంప మొలకల సంఖ్య (గళ్ల మూలల్లో రాళ్లు పెట్టుకోండి)
☐ అవే గళ్లలో వయ్యారిభామ ఉందా లేదా
☐ రిబ్బన్ కట్టిన మొలకల్లో ఎన్ని బతికాయి
☐ ఎంతమంది, ఎన్ని గంటలు

ఈ కాగితం నకలు ఒకటి బీట్ ఆఫీసర్‌కి ఇవ్వండి. ఆయన బదిలీ అయినా తర్వాత వచ్చినవాళ్లకు విషయం తెలుస్తుంది.

రెండో వానాకాలం చివర గళ్లలో మొలకలు నిరుటికంటే తగ్గి, గడ్డి పరుచుకుని ఉంటే పక్కనున్న 10 మీటర్ల చోటుకు అనుమతి అడగండి. తగ్గకపోతే ఆ ఏడాది కొత్త చోటు తెరవొద్దు. దగ్గరలో కాయలు కాస్తున్న పెద్ద పొద ఏదో ఉండి ఉంటుంది, ముందు దాన్ని వెతికి తీయండి.